ఇల్లూ వాకిలీ: ఈ నెల ఉత్తరాలన్నీ జపాన్ మీదే

పోయిన సంచికలో ఒసాకా ప్రపంచ ప్రదర్శన, అదే ఎక్స్‌పో 2025 కోసం జపాన్ ఆర్కిటెక్టు సౌ ఫుజిమొటో కట్టించిన చెక్క వలయం గురించి నాలుగు ముక్కలు రాశాను. చుట్టుకొలత సుమారు 2 కిలోమీటర్లు, కింద నీడపట్టు, పైన నడిచే దారి. అంతే, మన విజయవాడ, గుంటూరు పాఠకులు జపాన్‌ను పట్టుకున్నారు. బాత్రూం చెమ్మ, వంటగది గట్టు ప్రశ్నలు పంపినవారు వచ్చే నెలదాకా ఓపిక పట్టండి.

ప్రశ్న: మాకు లక్ష్మీపురంలో 150 గజాల పడమర ముఖం స్థలం ఉంది. రెండు పక్కలా మూడంతస్తుల ఇళ్ళు లేచాయి. జపాన్‌లో ఉద్యోగం చేసొచ్చిన మా అబ్బాయి, అక్కడి ఆర్కిటెక్టు టాడావో ఆండో పద్ధతిలో ప్లాస్టరింగూ రంగులూ లేని కాంక్రీటు ఇల్లు కావాలంటాడు. మధ్యలో ఆకాశం కనిపించాలట. మావారేమో "జైలు కడతావా?" అంటున్నారు. ఎటూ చెప్పలేక మీకు రాస్తున్నాను.
— ఒక తల్లి, గుంటూరు

జవాబు: మీవాడు చూపించిన ఫోటో ఏదో ఊహించగలను. ఒసాకాలోని సుమియోషిలో 1976లో ఆండో కట్టిన అజుమా వారి ఇల్లు అయ్యుంటుంది. వెడల్పు మూడు మీటర్ల పైచిలుకు, లోతు పద్నాలుగు మీటర్లు. మీ స్థలం దానిముందు మైదానం. అటూ ఇటూ ఆనుకుని పాత ఇళ్ళు. వీధివైపు కిటికీ అన్నది లేదు, నిలువునా ఒక గోడ, మధ్యలో లోపలికి దారి. పొడవును మూడు భాగాలు చేసి నడిమి భాగానికి కప్పు వేయలేదు. ముందు గదిలో కూర్చున్నవాళ్ళు వంటింట్లోకి వెళ్ళాలన్నా, రాత్రి పైగదిలో మెలకువ వచ్చి కింద బాత్రూంకి పోవాలన్నా ఆకాశం కిందే నడవాలి. వానొస్తే గొడుగు పట్టుకోవాలి. కాలేజీలో ఆర్కిటెక్చర్ చదవకుండా, అంతకుముందు బాక్సింగ్ ఆడిన మనిషి తొలిరోజుల్లో కట్టిన ఇల్లిది. 1995లో ఆయనకు ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ వచ్చింది.

నాకా ఇల్లంటే గౌరవం. ఎండావానా ఇంటి నడిబొడ్డులోకి రావాలని పట్టుబట్టి, ఉన్న కాస్త చోటులో మూడోవంతు దానికి రాసిచ్చాడు. కానీ అమ్మా, మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో మీరు రాయలేదు. మన మండువా లోగిళ్ళలోనూ నడిమధ్య ఆకాశమే ఉండేది. చుట్టూ వసారా ఉండటంతో ఎంత వాన కురిసినా తడవకుండా ఇల్లంతా తిరిగేవాళ్ళు. ఆండో ఆ వసారా తీసేశాడు. మీరు మాత్రం పెట్టించుకోండి. మూడడుగుల చూరు కిందుగా వంటింటికి, పడకగదికి దారి ఉంటే చాలు.

ఇక కాంక్రీటు సంగతి. ఆండో గోడ మీద కనిపించే ఆ గళ్ళు ఒక్కొక్కటీ సుమారు 90 సెంటీమీటర్లు, 180 సెంటీమీటర్లు. నున్నటి పూత పూసిన ప్లైవుడ్ పలకలు, సందుల్లోంచి సిమెంటు పాలు చుక్క కారకుండా బిగిస్తారు. మన సెంట్రింగ్ వాళ్ళ దగ్గర ఉండేది పది స్లాబులు చూసిన రేకులు, మేకులు దిగిన చెక్కలు. ప్లాస్టరింగ్ కింద దాగిపోయే పనికి అవి సరిపోతాయి. పైకి కనిపించే కాంక్రీటులో తేనెతుట్టెలాంటి బొక్క పడితే అది జన్మంతా అక్కడే ఉంటుంది, పూడిస్తే ఇంకా వికారంగా కనిపిస్తుంది. పైగా మీది పడమర ముఖం. మే నెల గుంటూరు ఎండను మధ్యాహ్నమంతా తాగిన కాంక్రీటు గోడ, మీరు పక్కేసుకున్నాక ఆ వేడిని గదిలోకి వదులుతుంది. మీవారన్న మాట అప్పుడు నిజమైపోతుంది.

అందుకని పడమటి గోడను మధ్యలో ఖాళీ వదిలిన జంట ఇటుక గోడగా కట్టించి, మెట్లు, సామాన్ల గది, బాత్రూం దాని వెనక పెట్టండి. నడిమి ఖాళీ కనీసం పదడుగులు ఉండనివ్వండి. పక్కింటి మూడంతస్తులు మీకు ఉచితంగా నీడ ఇస్తాయి, తిట్టుకోకండి. తూము ఒకటి చాలదు, రెండు పెట్టించండి, ఆకు అడ్డం పడ్డ రోజున రెండోది కాపాడుతుంది. పైన గ్రిల్ తప్పదంటారు, దొంగల భయం, కోతుల భయం. సరే, సన్నది వేయించండి. అబ్బాయికి మాత్రం ఆ ఖాళీలో ఉత్తరం వైపు చూసే ఒక్క గోడను కాంక్రీటుతో వదిలేయండి. ముందు ఆరడుగుల నమూనా పోయించి, అది చూశాక మేస్త్రితో రేటు మాట్లాడుకోమనండి.

ప్రశ్న: భవానీపురంలో నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు మాది. ఎదురు ఫ్లాటు వాళ్ళ పేరు తెలియదు. మనుషులు కలిసేలా ఇళ్ళు కట్టే ఆర్కిటెక్టులు జపాన్‌లో ఉన్నారట, నిజమేనా?
— రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

జవాబు: ఉన్నారు, కానీ జపాన్ అంతా అలాగే ఉందనుకోకండి. అక్కడి అపార్ట్‌మెంట్లలో ఎక్కువ శాతం మనవిలాంటివే. పొడవాటి నడవ, వరసగా ఇనుప తలుపులు. వాటి మీద జీవితాంతం గొడవపడిన మనిషి రికెన్ యమమోటో. ఒక కుటుంబం, ఒక తలుపు, ఆ తలుపు వెనక ఏం జరిగినా ఎవరికీ పట్టదు, ఇదేం కట్టడం అంటాడు. 2024 ప్రిట్జ్‌కర్ ఆయనదే.

1991లో కుమమొటోలో ఆయన కట్టిన హొటకుబో ప్రభుత్వ గృహాలు 110. మధ్యలో పెద్ద చెట్ల వాకిలి. తమాషా ఏమిటంటే వీధిలోంచి ఆ వాకిట్లోకి దారి లేదు. ఎవరింట్లోంచి వాళ్ళు నడిచి అందులోకి దిగాలి. మరీ మూసేశారని దానిమీద విమర్శలు వచ్చాయి. నాకూ కొంత అలాగే అనిపిస్తుంది, చుట్టాలొస్తే ఇల్లంతా తొక్కుకుంటూ పోవాలా? తర్వాత 2010లో దక్షిణ కొరియాలోని పంగ్యోలో వీధిగుమ్మం దగ్గర అద్దాల గదులు పెట్టి ఇళ్ళు కట్టాడు. ఇంట్లో మనుషులు బయటికి కనిపిస్తారని మొదట కొనేవాళ్ళు వెనకాడారు. కొన్నేళ్ళు కాపురం చేశాక అక్కడివాళ్ళే ఆయన్ను విందుకు పిలిచారు. ఆ అద్దాల గది పడగ్గదీ కాదు, వీధీ కాదు. రెంటికీ మధ్యది. జపాన్ ఆర్కిటెక్టుల్లో నాకు నచ్చినవాళ్ళందరూ తెలివి ఖర్చుపెట్టేది ఆ మధ్య చోటు మీదే. మనం ఆ చోటును కార్లకు ఇచ్చేశాం.

మీ అపార్ట్‌మెంటు కట్టేసి ఉంది కాబట్టి కింద పార్కింగ్‌లోనే వెతకండి. లిఫ్టు పక్కన ఒక కారు పట్టే జాగా అసోసియేషన్ తరఫున తీసుకోండి. గోడకు ఆనించి నాపరాయి అరుగు, ఒక ఫ్యాను, దినపత్రిక రెండు ప్రతులు. లిఫ్టు కోసం నిలబడేవాళ్ళు కూర్చుంటారు. సోఫాలు వేయకండి, సోఫా వేస్తే ఎవరిదో ఒకరిదైపోతుంది. అన్నట్టు, మీ నలభై ఫ్లాట్ల వాళ్ళ పేర్లూ, పిల్లల పేర్లూ ఇప్పటికే తెలిసిన కుటుంబం ఒకటి మీ మెట్ల కిందే ఉంటోంది. మీ వాచ్‌మన్ భార్యను అడిగి చూడండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు మా వీధి మొత్తం మునిగింది. ఇప్పుడు వీధివాళ్ళం చందాలేసుకుని రేకుల షెడ్డుతో ఒక ఉమ్మడి హాలు కట్టుకోవాలనుకుంటున్నాం. సునామీ తర్వాత జపాన్ వాళ్ళు ఏం కట్టుకున్నారో చెప్తే మాకు పనికొస్తుందేమో.
— సింగ్‌నగర్ పాఠకురాలు

జవాబు: పనికొస్తుందమ్మా. 2011 మార్చి 11 తర్వాత ఇళ్ళు పోయిన జనం స్కూళ్ళలో, జిమ్నాసియం హాళ్ళలో వారాల తరబడి పక్కపక్కన పడుకున్నారు. బట్ట మార్చుకునే చాటు లేదు. షిగెరు బాన్ అనే ఆర్కిటెక్టు అట్ట గొట్టాలు నిలబెట్టి, వాటికి గుడ్డ తెరలు కట్టి, కుటుంబానికొక గది చొప్పున ఏర్పాటు చేశాడు. బట్టల మిల్లుల్లో తానులు చుట్టే గొట్టాలుంటాయే, ఆ జాతివి. ఆయనకది కొత్త కాదు. 1995లో కోబె భూకంపం తర్వాత అట్ట గొట్టాలే గోడలుగా, ఇసుక నింపిన బీరు పెట్టెలే పునాదిగా చిన్న ఇళ్ళు కట్టాడు. 2001లో మన భుజ్ భూకంపానికీ వచ్చాడు. మద్యం నిషేధించిన గుజరాత్‌లో బీరు పెట్టెలెక్కడివి! కూలిన ఇళ్ళ రాళ్ళూ ఇటుకలే పునాదిలో వేసి, వెదురు బద్దల మీద చాపలు కప్పి పైకప్పు వేయించాడు.

మీరు అడిగిందానికి దగ్గరిది మాత్రం టోయో ఇటో అనే మరో ఆర్కిటెక్టు చేసిన పని. "అందరి ఇల్లు" అని పేరు పెట్టాడు. ప్రభుత్వం వరసగా వేసిన తాత్కాలిక గదుల్లో చేరినవాళ్ళకు కప్పయితే దొరికింది, పక్కవాడితో నాలుగు మాటలు మాట్లాడే చోటు లేదు. సెందాయ్‌లో అలాంటి ఒక చోటికి వెళ్ళి ఏం కావాలని వాళ్ళనే అడిగాడు. గాజు గోడలతో, పదమూడు లోహపు జాలీ స్తంభాలతో సెందాయ్ మీడియాథెక్ అనే పెద్ద గ్రంథాలయం కట్టి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న మనిషి అక్కడ కట్టింది చిన్న చెక్క ఇల్లు. వాలు కప్పు, ముందు వెడల్పాటి వసారా, లోపల ఒక పెద్ద బల్ల, చలికాచుకునే కట్టెల పొయ్యి. చూస్తే ఏ ఆర్కిటెక్టూ అక్కర్లేదనిపిస్తుంది. ఎక్కడో దూరాన దక్షిణాదిన ఉన్న కుమమొటో రాష్ట్రం దానికి అండగా నిలిచింది. అది 2011 అక్టోబరు. అయిదేళ్ళకు 2016లో కుమమొటోకే భూకంపం వస్తే అక్కడా అలాంటి ఇళ్ళు పదుల సంఖ్యలో లేచాయి.

సునామీకి దెబ్బతిన్న రికుజెన్‌టకటా ఊళ్ళో కట్టిన మరో అందరి ఇంటికి ఉప్పునీళ్ళు తాగి నిలువునా ఎండిపోయిన దేవదారు మాన్లను స్తంభాలుగా వాడారు. ఇటోతో పాటు ముగ్గురు యువ ఆర్కిటెక్టులు పనిచేశారు, మొదట్లో చెప్పిన ఫుజిమొటో వాళ్ళలో ఒకడు. ఆ ప్రయత్నానికి 2012లో వెనిస్ బియెనాలే అనే ఆర్కిటెక్చర్ ప్రదర్శనలో గోల్డెన్ లయన్ బహుమతి వచ్చింది. కొన్నేళ్ళకు ఊరి నేల మట్టం పెంచే పనిలో దాన్ని విప్పేశారు.

మీ షెడ్డు విషయానికొస్తే, ఏప్రిల్‌లో మధ్యాహ్నం రేకు కింద ఎవరూ కూర్చోరు. రేకు తప్పదంటే దానికి అడుగున జానెడు ఖాళీ వదిలి వెదురు తడికలు బిగించండి. నాలుగు పక్కలా గోడలు వద్దు. మీ గోడల మీద 2024 నీటి గుర్తు ఎంత ఎత్తున ఉందో కొలవండి. కింద స్తంభాల మధ్య తెరిచి ఉన్న నేల, చుట్టూ అరుగు, రోజువారీ కూర్చోవడానికి. ఆ గుర్తుకు బాగా పైన ఒక గది, దానిలో తాళ్ళు, గ్యాసు పొయ్యి, పెద్ద గిన్నెలు, మందుల పెట్టె, దానిమీదే మంచినీళ్ళ ట్యాంకు. మెట్లు బయటినుంచే ఉండాలి, ముసలివాళ్ళను కుర్చీలో మోసుకెళ్ళేంత వెడల్పు ఉండాలి, పడవ వచ్చి ఆగేలా మధ్యలో చప్టా ఉండాలి. స్తంభాల లెక్క ఇంజినీరు చేత వేయించండి, ఆ నల్లమట్టిలో మేస్త్రి అందాజా పనికిరాదు. స్థలం ఎవరిదో కాగితం తేల్చుకోండి. అన్నిటికన్నా ముందు తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో తేల్చుకోండి. నా సలహా అడిగితే, పొద్దున్నే లేచి వీధిలో ముగ్గు పెట్టే ఇద్దరు ఆడవాళ్ళ దగ్గర చెరొకటి ఉండాలి. ఏ నాయకుడి ఇంట్లోనూ ఉండకూడదు.

ప్రశ్న: జపాన్ వాళ్ళకు వాస్తు ఉందా?
— బ్రాడీపేట పాఠకుడు

జవాబు: ఉంది. అందులో ఈశాన్యం దయ్యాల గుమ్మం. ఆ మూల ముఖద్వారం, మరుగుదొడ్డి పెట్టరు. మన ఈశాన్యం ఈశ్వరుడిది. ఎవరి ఇల్లూ కూలిపోలేదు.

ప్రశ్న: మేడమ్, అమరావతి అసెంబ్లీ, హైకోర్టు భవనాలకు జపాన్ ఆర్కిటెక్టు ఫుమిహికో మాకీ డిజైన్ 2016లో ఎంపికై తర్వాత ఆగిపోయింది కదా. అది మనకు నష్టమేనా? ఆయన పనిలో ఏది చదవాలి?
— ఆర్కిటెక్చర్ మూడో ఏడు విద్యార్థి, విజయవాడ

జవాబు: నాయనా, నువ్వప్పుడు హైస్కూల్లో కూడా చేరి ఉండవు. 2016 మార్చిలో రిచర్డ్ రోజర్స్ సంస్థనూ, మన బాలకృష్ణ దోషీ సంస్థనూ దాటి మాకీ సంస్థ ఎంపికైంది. బొమ్మలు బయటికి రాగానే అసెంబ్లీని పట్టుకుని పవర్ ప్లాంటు పొగగొట్టంలా ఉందని జనం ఫోన్లలో ఆడుకున్నారు. ఆ ఏడాది తిరక్కుండానే ఆయన్ను పక్కన పెట్టారు, పని ఫోస్టర్ సంస్థకు వెళ్ళింది. ఎవరు ఎందుకు మార్చారన్నది రాజకీయం, ఈ శీర్షిక పని కాదు. ఆ బొమ్మలు నాకూ పెద్దగా నచ్చలేదు. మాకీ బలం ఒక్క దెబ్బకు లేచే మహాభవనంలో లేదు.

నువ్వు చదవాల్సింది టోక్యో దైకన్‌యామాలోని హిల్‌సైడ్ టెర్రస్. మొదటి విడత 1969లో, ఆరో విడత 1992లో పూర్తయ్యాయి. ఒకే వీధి, ఆర్కిటెక్టు దాదాపు అన్ని విడతలకూ మాకీయే, స్థలం యజమానులు ఒకే కుటుంబం. అసాకురాలని, పాతరోజుల్లో బియ్యం వ్యాపారస్తులు. ఒకేసారి అమ్ముకోకుండా, ఒక ముక్క కట్టి, అద్దెలు వచ్చాక, వీధి ఎలా మారిందో చూసుకుని ఇంకో ముక్క కట్టారు. ఇళ్ళు, దుకాణాలు, కాఫీ హోటళ్ళు, గ్యాలరీలు. వీధి మొహాన ఎత్తు పది మీటర్ల దగ్గరే ఆపారు. మూలల్లో లోపలికి దిగే మెట్లు, వెనక చెట్లవైపు తెరుచుకునే చిన్న చిన్న చప్టాలు. స్థలంలో వెయ్యేళ్ళకు పైబడిన సమాధి దిబ్బ ఒకటి ఉంది, మీద చెట్లు, చిన్న గుడి. దాన్ని చదును చేయకుండా చుట్టూ కట్టుకుంటూ పోయారు.

ఇప్పుడు తుళ్ళూరు వైపు చూడు. భూసమీకరణలో పొలమిచ్చిన రైతు కుటుంబాలకు నివాస ప్లాటు, వాణిజ్య ప్లాటు వచ్చాయి. వాళ్ళూ భూమిని నమ్ముకున్నవాళ్ళే. ఒక వీధిలో పక్కపక్కన ప్లాట్లున్న అయిదారు కుటుంబాలు కలిసి, అమ్మకుండా, పాతికేళ్ళలో విడతలవారీగా కట్టుకుంటే ఎలా ఉంటుందో గీసి చూడు. నీ అయిదో ఏడు ప్రాజెక్టుకు అసెంబ్లీ తీసుకోకు, అందరూ అదే తీసుకుంటున్నారు. మాకీ 2024 జూన్‌లో 95 ఏళ్ళ వయసులో పోయారు.

ప్రశ్న: మా ప్లేస్కూలు డాబా మీద పిల్లలు పరిగెత్తేలా చేయాలని ఉంది. జపాన్‌లో అలాంటి బడి వీడియో చూశాను.
— ప్లేస్కూలు నడిపే దంపతులు, పటమట

జవాబు: అది టోక్యో దగ్గర తచికావాలోని ఫుజి కిండర్‌గార్టెన్. తకహరు తెజుకా, యుయి తెజుకా దంపతులు 2007లో కట్టారు. కోడిగుడ్డు ఆకారపు వలయం, మధ్యలో వాకిలి, కప్పంతా ఆటస్థలం. కప్పు మరీ ఎత్తుండదు, కింద ఉన్న టీచరుకు పైన పిల్ల అందేంత దూరంలోనే కనిపిస్తుంది. ముందునుంచీ ఉన్న మూడు జెల్కోవా మహావృక్షాలు కప్పులోంచి పైకి లేస్తాయి. వాటి మొదళ్ళ చుట్టూ వలలు కట్టారు, పిల్లలు కొమ్మలెక్కి వాటిలో పడుతుంటారు. తరగతుల మధ్య గోడలు లేవు.

మీది మూడో అంతస్తు డాబా, నాలుగడుగుల పిట్టగోడ. చేయకండి. మన ఎండకు పదిన్నరకే ఆ గచ్చు మీద పాదం నిలవదు. మీరు పంపిన ఫోటోలో కాంపౌండు గోడ పక్కన వేపచెట్టు ఉంది, దాని కింద రెండు స్కూలు ఆటోలు నిలబడ్డాయి. ఆటోలను వీధిలోకి పంపి పిల్లలను అక్కడికి తీసుకురండి.

ప్రశ్న: మంగళగిరి దగ్గర తోటలో జపాన్ ఆర్కిటెక్టు కెంగో కుమా తరహా చెక్క ఇల్లు కట్టుకోవచ్చా?
— వ్యాపారి, గుంటూరు

జవాబు: కుమా పేరు చెప్తే అందరికీ టోక్యో నేషనల్ స్టేడియం గుర్తొస్తుంది. 2019లో పూర్తయింది. 47 రాష్ట్రాలనుంచీ కలప తెప్పించి చూర్ల కింద వరసలుగా బిగించారు. బరువు మోసేది చాలావరకు ఉక్కూ కాంక్రీటూ అన్నది ఫోటోలో కనపడదు. అదే కుమా 2000లో ఒక చిన్న ఊళ్ళో హిరొషిగె మ్యూజియం కట్టాడు. పైకప్పూ గోడలూ అన్నీ సన్నటి దేవదారు బద్దలే. ఎంత అందమో! పాతికేళ్ళు నిండకముందే ఎండావానలకు ఆ బద్దలు పుచ్చిపోయి, మరమ్మతుకు డబ్బులెక్కడ తేవాలా అని ఆ ఊరు తల పట్టుకుంది.

ఆ బద్దలను తిన్నవి ఎండా వానా. మీకు వాటితో పాటు చెద కూడా ఉంది. గోడలు ఇటుకతో కట్టుకుని, చెక్కను వసారాకు మాత్రం వాడండి. స్తంభాలు నేలలో పాతకుండా అడుగున్నర ఎత్తు రాతి దిమ్మల మీద నిలబెట్టండి, అప్పుడు చెద పాకితే మట్టి దారి కంటికి కనిపిస్తుంది. టేకు ధర చూసి గుండె జారితే చేవగల తాటి దూలాలు చూడండి, పాత పెంకుటిళ్ళు విప్పినచోట ఇప్పటికీ దొరుకుతాయి. చూరు నాలుగడుగులు ముందుకు దించండి. పునాది తవ్వినప్పుడే చెదమందు కొట్టించండి, తర్వాత కొట్టిస్తే సగం ఖర్చు దండగ.